కిమ్ జూన్ డిజిటల్ దేహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ కొరియా కళాకారుడు కిమ్ జూన్ పేరు తెలియకపోయినా ఆయన చిత్రాన్ని ఒక్కసారి చూసినవాళ్ళు మరచిపోవడం కష్టం. ఒకదాన్నొకటి పెనవేసుకున్న నగ్న దేహాలు, వాటి మీద వేలికొసల దాకా అల్లుకున్న పూలు, పక్షుల ఈకలు, కంపెనీల గుర్తులు, పింగాణీ పళ్ళేల మీది నగిషీలు ఆ చిత్రాల్లో కనిపిస్తాయి. వాటిని చూసిన మిత్రులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలనూ, వాటికి నేను చెప్పగలిగిన జవాబులనూ ఇక్కడ ఒకచోట చేర్చాను.

కిమ్ జూన్ ఎవరు?

ఆయన 1966లో సియోల్‌లో పుట్టారు. కొరియాలో కళావిద్యకు పేరుపొందిన హోంగిక్ విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం చదివారు. గోంగ్జు జాతీయ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ బోధించారు. కొరియన్లు కూడా మనలాగే ఇంటిపేరును ముందు రాసుకుంటారు కాబట్టి కిమ్ అన్నది ఇంటిపేరు, జూన్ అన్నది పెట్టిన పేరు. ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఇంటిపేరు అదే అయినందున, వివరాలు వెతికేటప్పుడు అదే పేరున్న మరొకరి సమాచారంతో కలిసిపోకుండా జాగ్రత్తపడాలి.

ఇవి ఫోటోలా? ఆ మోడల్స్ ఎవరు?

మోడల్స్ ఎవరూ లేరు. అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే, జవాబు విని ఎక్కువగా ఆశ్చర్యపోయేదీ దీనికే. ఆ భుజాలు, వీపులు, తొడలు, చేతులు అన్నీ కంప్యూటర్‌లో కట్టినవే. 3డీఎస్ మ్యాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆయన దేహాలను నిర్మిస్తారు. భవనాల నమూనాలు, వీడియో గేముల పాత్రలు, సినిమాల్లోని దృశ్యమాయలు తయారుచేసేవాళ్ళు వాడే పనిముట్టే అది. కెమెరా ముందు ఎవరూ నిలబడలేదు, ఎవరి ఒంటి మీదా సూది దిగలేదు. అయినా చూసినవాళ్ళు ఆ చర్మాన్ని నిజమని నమ్ముతారు. నేను కూడా మొదట అలాగే నమ్మాను, నిజం తెలిశాక అదే చిత్రాన్ని మళ్ళీ మొదటినుంచి చూశాను.

పచ్చబొట్టు మీద ఆయనకు ఇంత ఆసక్తి ఎందుకు?

కొరియాలో ఆరోగ్యవంతుడైన ప్రతి యువకుడూ కొంతకాలం తప్పనిసరిగా సైన్యంలో పనిచేయాలి. కిమ్ జూన్ కూడా అలా వెళ్ళినవారే. అక్కడ తోటి సైనికులకు ఆయన పచ్చబొట్లు పొడిచారు. అందరికీ ఒకే జుట్టు కత్తిరింపు, ఒకే దుస్తులు, ఒకే దినచర్య ఉండే చోట తనది అని చెప్పుకోవడానికి మనిషికి చర్మం తప్ప మరేమీ మిగలదు. ఆ చర్మం మీద తన ఇష్టప్రకారం ఒక గుర్తు ఉండాలని ఆ కుర్రాళ్ళు ఎందుకు కోరుకున్నారో ఊహించడం కష్టం కాదు. తరువాత ఆయన చేసిన పని అంతటికీ మూలం అక్కడే ఉందని నేను అనుకుంటాను.

కొరియన్ భాషలో పచ్చబొట్టును మున్‌షిన్ అంటారు. ఇది చీనా లిపి నుంచి వచ్చిన రెండు అక్షరాల మాట. మొదటిదానికి నగిషీ అనీ, రాత అనీ అర్థాలున్నాయి, రెండోదానికి దేహమని అర్థం. మన మాటలో రంగూ చుక్కా ఉంటే, వాళ్ళ మాటలో ఒంటి మీది రాత ఉంది. మనిషి ఒంటి మీద ఎవరు ఏమి రాస్తున్నారన్న ప్రశ్నను కిమ్ జూన్ దాదాపు ముప్ఫై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు.

మన ఊళ్ళలో అమ్మమ్మల చేతుల మీద కూడా పచ్చబొట్లు ఉండేవి. కొరియాలో దానికి అంత పట్టింపు ఎందుకు?

దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. మన దగ్గర పచ్చబొట్టు ముత్తయిదువు అలంకారంగానో, ఇష్టమైనవాళ్ళ పేరుగానో, కులాచారంగానో ఒంటి మీదికి వచ్చింది. కొరియాలో దాని చరిత్ర వేరు. చీనా తాత్వికుడు కన్ఫ్యూషియస్ పేరుతో వచ్చిన సంప్రదాయంలో పుత్రధర్మాన్ని బోధించే గ్రంథం, దేహమూ వెంట్రుకలూ చర్మమూ తల్లిదండ్రులు ఇచ్చినవి కనుక వాటికి హాని తలపెట్టకుండా ఉండటంతోనే ఆ ధర్మం మొదలవుతుందని చెబుతుంది. ఆ మాట అప్పటి కొరియా అయిన జోసన్ రాజ్యంలో ఇంటింటి నీతిగా స్థిరపడిపోయింది. 1895లో మగవాళ్ళు సిగ కత్తిరించుకోవాలని ప్రభుత్వం ఆజ్ఞ జారీచేసినప్పుడు దేశమంతా తిరగబడిందంటే వెంట్రుకకే అంత విలువ ఉండేదన్నమాట. ఇక చర్మం సంగతి వేరే చెప్పాలా?

పైగా అదే రాజ్యంలో నేరస్థుల ఒంటి మీద వాళ్ళ నేరాన్ని పచ్చబొట్టుగా పొడిచే శిక్ష ఉండేది. యోంగ్‌జో రాజు 1740లో ఆ శిక్షను రద్దుచేశారు. శిక్ష పోయినా దాని నీడ పోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో పచ్చబొట్టు రౌడీ ముఠాల గుర్తుగా ముద్రపడింది. 1992లో కొరియా సుప్రీంకోర్టు పచ్చబొట్టు వేయడం వైద్య చర్య అని తీర్పు ఇవ్వడంతో వైద్యుడి లైసెన్సు లేకుండా ఆ పని చేసేవాళ్ళందరూ నేరస్థులయ్యారు. 2022లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది, అయితే తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో నలుగురు విభేదించారు. చివరికి 2025 సెప్టెంబరులో పార్లమెంటు పచ్చబొట్టు కళాకారులకు ప్రత్యేక లైసెన్సు ఇచ్చే చట్టాన్ని ఆమోదించింది. రెండేళ్ళ గడువు తరువాత అది అమల్లోకి వస్తుంది.

కొరియన్ టీవీ కార్యక్రమాలు చూసే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. గాయకుల చేతుల మీద చర్మం రంగు పట్టీలు అతికించి ఉండటమో, చేయి దగ్గర చిత్రం మసకబారి ఉండటమో వాళ్ళు గమనించే ఉంటారు. ఆ పట్టీ కింద ఉండేది పచ్చబొట్టు. కిమ్ జూన్ చిత్రాలను చూసేముందు ఆ పట్టీని ఒకసారి గుర్తుచేసుకుంటే చాలు. తన సమాజం కప్పిపెట్టమన్నదాన్ని ఆయన ఒళ్ళంతా పరిచి చూపించారు.

కంప్యూటర్ వాడకముందు ఆయన ఏమి చేసేవారు?

తొంభైల్లో ఆయన స్పాంజి, గుడ్డ వంటివి వాడి మాంసపు ముద్దల్లాంటి ఆకారాలు తయారుచేసి వాటి మీద పచ్చబొట్లు చిత్రించేవారు. అవి తలా కాళ్ళూ లేని కండలు. అక్కడే ఆయన ధోరణి కనిపిస్తుంది. ఫలానా మనిషి ఎవరన్నది ఆయనకు ముఖ్యం కాలేదు, చర్మమనే ఉపరితలం ముఖ్యమైంది. తరువాత కంప్యూటర్ దగ్గరికి రావడం దారి మార్చుకోవడంలా అనిపించినా, నాకు మాత్రం అది అదే దారిలో వేసిన తరువాతి అడుగులాగే కనిపిస్తుంది. స్పాంజి కండకు బరువుంటుంది, అది పాతబడుతుంది, దాని మీద వేసిన రంగు వెలిసిపోతుంది. తెర మీది చర్మానికి ఇవేవీ ఉండవు, దాన్ని ఎన్నిసార్లయినా విప్పి మళ్ళీ తొడగవచ్చు.

కంప్యూటర్‌లో దేహం ఎలా తయారవుతుంది?

ఈ పద్ధతి తెలిస్తే ఆ చిత్రాల అర్థం సగం తెలిసినట్టే కనుక కాస్త వివరంగా చెబుతాను. మొదట దేహం ఆకారాన్ని వలలాగా అల్లుతారు. చిన్న చిన్న నలుచదరపు గళ్ళు వేలకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని భుజం వంపునో మోకాలి గుండ్రాన్నో ఏర్పరుస్తాయి. బుట్ట అల్లేవాళ్ళు వంపు వచ్చిన చోట బద్దలను దగ్గరదగ్గరగా నేసినట్టే, వేళ్ళు, చెవులు వంటి సూక్ష్మమైన చోట్ల గళ్ళు చిన్నవై దట్టంగా ఉంటాయి. ఈ దశలో దేహం బూడిదరంగు బొమ్మ మాత్రమే, లోపల ఎముక గానీ మాంసం గానీ ఉండదు.

ఆ తరువాత ఈ మూడు కొలతల ఆకారాన్ని దర్జీ జాకెట్టు కుట్లు విప్పి గుడ్డను బల్లమీద పరిచినట్టు చదునుగా పరుస్తారు. ఆ చదును ముక్కల మీద చర్మం రంగు, రంధ్రాలు, ముడతలు, నగిషీలు ఉన్న చిత్రాన్ని పెడతారు. కంప్యూటర్ ఆ చిత్రాన్ని మళ్ళీ దేహం చుట్టూ తొడుగుతుంది. ఇక్కడే నైపుణ్యం బయటపడుతుంది. పువ్వు సరిగ్గా భుజం మూపు మీద విచ్చుకోవాలి, తీగ నడుము మడతలోకి వెళ్ళి అవతల బయటపడాలి, కుట్టు కలిసే చోట నగిషీ తెగకూడదు. చివరగా దీపాలను అమర్చుతారు. వెలుగు ఎటు నుంచి పడాలి, ఉపరితలం ఎంత మెరవాలి, నీడ ఎంత మెత్తగా ఉండాలి అన్నవి నిర్ణయించాక, ప్రతి బిందువు దగ్గరా కాంతి ఎలా ప్రతిఫలిస్తుందో కంప్యూటర్ లెక్కకట్టి చిత్రాన్ని ఇస్తుంది. అలా వచ్చినదాన్ని పెద్ద పరిమాణంలో ముద్రించి గ్యాలరీ గోడకు పెడతారు.

ఒక్క విషయం గమనించండి. ఈ పద్ధతిలో చర్మం అంటే దేహానికి బయటినుంచి తొడిగే పొర. ఆ రంగంలో పనిచేసేవాళ్ళు రోజూ యాంత్రికంగా చేసే పని అది. కిమ్ జూన్ ఆ సాంకేతిక వాస్తవాన్నే తన కళకు అర్థంగా మలచుకున్నారు. మన చర్మం కూడా మనకు వేరెవరో తొడిగినదేమోనని అనిపించేలా చేశారు.

దేహాల మీద కార్ల కంపెనీల పేర్లు, ఫ్యాషన్ బ్రాండ్లు ఎందుకు?

బర్డ్ ల్యాండ్ అనే వరుసలో 2008 నాటి ఒక చిత్రం పేరులోనే క్రిస్లర్ అనే కార్ల కంపెనీ ఉంది. క్రేడిల్ సాంగ్ వరుసలోని ఒకదానికి ఫెరగామో అనే ఫ్యాషన్ బ్రాండ్ పేరుంది. ఈ చిత్రాల్లో దేహాలు గుంపులుగా ఒరిగి, కలిసి, నిద్రలోనో తన్మయంలోనో ఉన్నట్టు కనిపిస్తాయి, వాటి చర్మం బ్రాండ్ల రంగులతో నగిషీలతో నిండి ఉంటుంది.

పూర్వం నేరస్థుడి ఒంటి మీద రాజ్యం రాసింది. ఇప్పుడు మన ఒంటి మీద ఎవరు రాస్తున్నారు? చొక్కా జేబు మీద గుర్తు, చెప్పుల మీద గుర్తు, సంచి మీద గుర్తు ఉంటాయి. వాటిని డబ్బిచ్చి మనమే మోస్తాం. బట్టలు విప్పినా ఆ కోరిక ఒంటి నుంచి ఊడిరాదని చెప్పడానికే ఆయన వాటిని చర్మంలోకి ఇంకించారని నా అవగాహన. అయితే ఆ చిత్రాలు కోపంగా ఉండవు. అందంగా, ఆకర్షణీయంగా, తాకాలనిపించేలా ఉంటాయి. ఇది ప్రకటనలా లేదా అని కొందరు నొచ్చుకుంటారు. ప్రకటన మనల్ని ఎలా లాగుతుందో చూపించాలంటే ఆ లాగుడు చిత్రంలో నిజంగా ఉండాలి. దాన్ని దూరంగా నిలబడి విమర్శించే చిత్రాన్ని మనం తల ఊపి మరచిపోతాం.

పింగాణీ దేహాల గురించి చెప్పండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. ఫ్రాజైల్ అనే వరుస 2010 నాటిది, ఆ మాటకు పెళుసైనది అని అర్థం. ఇందులో చర్మం స్థానంలో పింగాణీ వచ్చింది. రాయల్ కోపెన్‌హేగన్, విలరాయ్ అండ్ బాక్, హెరెండ్ వంటి యూరప్ పింగాణీ సంస్థల పాత్రల మీద ఉండే పూలు, తీగలు, అంచు నగిషీలు ఈ దేహాల మీద ఉంటాయి.

దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక చేయి మరొక ఒంటి మీద వాలి ఉంటుంది. వేళ్ళు మెత్తగా ముడుచుకుని ఉంటాయి, ఆ ముడుచుకోవడంలో ప్రేమ ఉన్నట్టే ఉంటుంది. వేలి కణుపు మీద చిన్న వెలుగుచుక్క మెరుస్తుంది, కడిగి బోర్లించిన కప్పు మీద కిటికీ వెలుగు మెరిసినట్టు. ఆ చేయి వెంట చూపు పైకి పోతుంది, అంతలో దేహం ఆగిపోతుంది. తెగిన చోట నెత్తురు లేదు, ఎముక లేదు. పలుచని అంచు ఒకటుంది, దాని వెనుక ఖాళీ. ఆ కౌగిలిలో ఉన్నవి రెండు డొల్లలని అప్పుడు తెలుస్తుంది. ఒకటి కాస్త గట్టిగా హత్తుకుంటే రెండూ పగిలిపోతాయి.

ఇందులో ఒక చారిత్రక మలుపు కూడా ఉంది. 1592 నుంచి 1598 దాకా జపాన్ సేనలు కొరియా మీద దండెత్తినప్పుడు అక్కడి కుమ్మరులను పెద్దసంఖ్యలో పట్టుకుపోయారు. జపాన్‌లోని అరిటాలో పింగాణీ తయారీ మొదలుకావడానికి కారకుడిగా చెప్పుకునే యి సామ్ ప్యోంగ్ అలా వెళ్ళిన కొరియన్ కుమ్మరే. పదిహేడో శతాబ్దంలో ఆ అరిటా సామాను డచ్ వర్తకుల ఓడల్లో యూరప్‌కు చేరింది. చీనా, జపాన్ పింగాణీని చూసి మోహపడిన యూరప్ ఆ రహస్యాన్ని సొంతంగా కనిపెట్టడానికి తంటాలు పడి, చివరికి 1710లో జర్మనీలోని మైసెన్‌లో కార్ఖానా పెట్టగలిగింది. మరో మూడు వందల ఏళ్ళకు ఒక కొరియన్ కళాకారుడు ఆ యూరప్ నగిషీలను తీసుకుని తన కంప్యూటర్ దేహాలకు చర్మంగా తొడిగాడు. కిమ్ జూన్ ఈ వరుసను ఇదే ఉద్దేశంతో చేశారని నేను అనడం లేదు. కానీ ఈ కథ తెలిశాక ఆ చిత్రంలోని నీలిపువ్వును ఊరికే పువ్వుగా చూడలేకపోతున్నాను.

చిత్రాల్లో ముఖాలు ఎందుకు కనిపించవు?

ముఖం కనిపిస్తే మనం వెంటనే ఆ మనిషి ఎవరు, సంతోషంగా ఉన్నారా, బాధలో ఉన్నారా అని చదవడం మొదలుపెడతాం. ముఖం లేకపోతే చదవడానికి చర్మం ఒక్కటే మిగులుతుంది. అందుకే ఆయన దేహాలు మెడ దగ్గర ఆగిపోతాయి, లేదా మనకు వీపు చూపుతాయి.

నగ్న దేహాలు కదా, ఇవి అశ్లీలం కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళను నేను తేలికగా తీసుకోను. ఇంట్లో అందరి ముందూ ఈ చిత్రాలు తెరిచి చూపడానికి సంకోచించేవాళ్ళు ఉండటం సహజం. నాకు తోచింది మాత్రం చెబుతాను. అశ్లీల చిత్రం ఒక మనిషి దేహాన్ని వాడుకుంటుంది, చూపును ఒకేచోటికి లాగుతుంది. ఇక్కడ వాడుకున్న మనిషి లేడు, చూపు ఒకచోట నిలవదు, నగిషీ వెంట పరుగెడుతుంది. పైగా ఒళ్ళంతా నగిషీతో కప్పి ఉన్న ఈ దేహాలు నిజంగా నగ్నంగా ఉన్నాయా అన్నదే నాకు తేలని సంగతి. అయినా అవి కామాన్ని దాచవు. కోరికే వాటి వస్తువు కాబట్టి దాచడం వాటికి అబద్ధమవుతుంది. పిల్లలకు ఎప్పుడు చూపాలన్నది ఇంటి పెద్దలు నిర్ణయించుకోవలసిన విషయం.

ఇంకా ఏ వరుసలు ఉన్నాయి?

డ్రంకెన్ వరుసలో ఖరీదైన మద్యాల పేర్లు దేహాలకు తోడయ్యాయి, ఫ్రాన్స్‌కు చెందిన రోమనే కోంటి వాటిలో ఒకటి. ఎబొనీ వరుసలో లెస్ పాల్ గిటారు పేరు వస్తుంది. పాము చర్మం వంటి జంతుచర్మాలు తొడిగిన దేహాలు కూడా ఉన్నాయి.

దేహాన్ని ఇలా పరిశీలించిన కొరియన్ కళాకారుడు ఈయన ఒక్కరేనా?

కాదు. 1932లో సియోల్‌లో పుట్టి వీడియో కళకు ఆద్యుడిగా పేరుపొందిన నామ్ జూన్ పైక్, వయొలిన్ లాంటి పెద్ద వాద్యమైన చెల్లోను వాయించే కళాకారిణి షార్లెట్ మూర్‌మన్ ఒంటి మీద 1969లోనే చిన్న టీవీలను అమర్చారు. 1971లో టీవీ పెట్టెలతో చేసిన చెల్లోను ఆమె వాయించారు. కిమ్ జూన్ కంటే రెండేళ్ళు పెద్దదైన లీ బుల్ కూడా హోంగిక్‌లోనే శిల్పకళ చదివారు. తొంభైల చివర ఆమె చేసిన సైబోర్గ్ (సగం మనిషి, సగం యంత్రం) శిల్పాలు తల, కొన్ని అవయవాలు లేని తెల్లని స్త్రీ దేహాలు. పరిపూర్ణ దేహమనే కల ఎంత అసంపూర్ణమో అవి నిలబడి చెబుతాయి. తరువాతి తరంలో కిమ్ అయోంగ్ 2022 నాటి తన వీడియోలో సియోల్ వీధుల్లో బండి మీద సరుకు చేరవేసే అమ్మాయిని పాత్రగా తీసుకున్నారు. యాప్ ఆజ్ఞలకు లోబడి పరుగెత్తే దేహం అది. ఆ వీడియోకు 2023లో ఆస్ట్రియాలోని డిజిటల్ కళల సంస్థ ఆర్స్ ఎలక్ట్రానికా వారి అత్యున్నత బహుమతి వచ్చింది.

వీళ్ళలో లీ బుల్ దేహంలో ఏమి లోపించిందో చూపిస్తే, కిమ్ జూన్ దేహం మీదికి ఏమి వచ్చి చేరిందో చూపించారని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఏఐ ఇలాంటి బొమ్మలను క్షణాల్లో ఇస్తోంది. తేడా ఏమిటి?

పింగాణీ దేహం బొమ్మ కావాలని అడిగితే ఏఐ ఇస్తుంది, పైకి పోలిక కూడా ఉండవచ్చు. అయితే అది లక్షల చిత్రాల నుంచి నేర్చుకున్న పోలికల ఆధారంగా బిందువులను పేరుస్తుంది. దానికి ఆ చేయి వెనుకవైపు ఎలా ఉంటుందో తెలియనవసరం లేదు. కిమ్ జూన్ నిర్మించిన దేహానికి మనకు కనిపించని వైపు కూడా ఉంది, దాన్ని తిప్పి చూడవచ్చు, దాని డొల్లలోకి తొంగిచూడవచ్చు. ఏ తీగ ఏ మడతలో ముగియాలో ఒక మనిషి కూర్చుని నిర్ణయించాడు. నాకు ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా వెతికిపట్టుకోవడంలోనే ఈ చిత్రాలు చూసే ఆనందం ఉంది.

ఈ చిత్రాలను ఎక్కడ చూడవచ్చు? భారతదేశంతో ఏమైనా సంబంధం ఉందా?

ఆయన చిత్రాలను కొరియా బయట ఎక్కువగా ప్రదర్శించినది సుందరం టాగోర్ గ్యాలరీ. న్యూయార్క్‌లో మొదలై సింగపూర్‌కు కూడా విస్తరించిన ఆ సంస్థను స్థాపించిన సుందరం టాగోర్ కోల్‌కతాలో పుట్టినవారు, రవీంద్రుని కుటుంబానికి చెందినవారు. ఆ నగరాల్లో ఉన్న తెలుగువాళ్ళు గ్యాలరీలో ఏ ప్రదర్శన నడుస్తోందో ముందుగా చూసుకుని వెళ్ళవచ్చు. మిగిలినవాళ్ళకు ఇంటర్నెట్టే ఆధారం, కానీ ఫోన్‌లో కాకుండా వీలైనంత పెద్ద తెర మీద చూడండి.

మొదటిసారి చూసేవాళ్ళు ఎలా చూడాలి?

ముందుగా పింగాణీ వరుసలోంచి ఒక చిత్రం ఎంచుకోండి. దేహాలు ఎన్ని, ఏది ఎవరి చేయి అని లెక్కపెట్టడం మొదట్లోనే వద్దు. ఒక తీగను పట్టుకోండి, అది ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి కంటితో దాని వెంట నడవండి. భుజం దాటుతుంది, పక్కటెముకల వంపులోకి దిగుతుంది, నీడలో కాసేపు కనబడకుండా పోతుంది, మళ్ళీ వెలుగులోకి వస్తుంది. అలా నడుస్తూ నడుస్తూ పింగాణీ అంచు దగ్గరికి చేరుకుంటారు. అక్కడ ఆగి, ఆ అంచు లోపలి చీకట్లోకి కొంతసేపు చూడండి.